టారో కార్డులు: ఆలోచించుకోవడానికా, జోస్యం చెప్పించుకోవడానికా?

హనుమకొండ అధ్యాపకురాలు:
అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. హైదరాబాదులో మంచి ఉద్యోగం వచ్చింది కాని, పక్షవాతం నుంచి కోలుకుంటున్న నాన్నను వదిలి వెళ్లాలా వద్దా అన్నది రెండు నెలలుగా తేలడం లేదు. మనసు తేటపడుతుందేమోనని టారో కార్డులు, అంటే చాలామంది జోస్యానికి వాడే బొమ్మల పేక, కొన్నాను. మొదట్లో రాత్రికి ఒక కార్డు తీసి, నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాసుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం నచ్చిన కార్డు వచ్చేదాకా అదే ప్రశ్నకు నాలుగైదు సార్లు తీస్తున్నాను. నిన్న రెండు కత్తుల కార్డు వెంటవెంటనే రెండుసార్లు రావడంతో భయం వేసింది. "సోది చెప్పేటామెను పిలిస్తే ఇన్ని బియ్యంతోని పోవు గదా, దీనికి గిన్ని పైసలు వెట్టినవా" అని అమ్మ నవ్వుతోంది. నేను దారి తప్పానా?

నిర్మల్ పాతకాపు:
అమ్మగారి మాటలో సగం నిజముంది. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. దాన్ని జోస్యానికి వాడడం 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో ఊపందుకుంది. మా నిర్మల్‌లో కూడా ఒకప్పుడు గంజీఫా అనే పాతకాలపు ఆట గుండ్రటి పేకముక్కలకు రంగులు వేసేవారు, వాటిపై దశావతారాలు ఉన్నా అవి ఆడుకోవడానికే. కనుక భయం వద్దు. పేకలో ఉన్నవి 78 ముక్కలు. బాగా కలిపి తీస్తే వెంటనే అదే ముక్క రావడానికి 78లో ఒక వంతు అవకాశం ఉంటుంది, రాత్రికి ఐదుసార్లు తీసేవారికి నెలలోపే అలా జరగడం వింత కాదు.

మీ దగ్గరున్నది బహుశా 1909 నాటి పేకకు నకలై ఉంటుంది. అందులో పమేలా కోల్మన్ స్మిత్ కత్తులు, కప్పుల వంటి అంకెల ముక్కలకు సైతం ఒక్కో దృశ్యం గీశారు, అందుకే వాటిని చూస్తే ఏదో ఒక కథ తోస్తుంది. రెండు కత్తుల కార్డులో కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ గుండెలపై కత్తులు అడ్డంగా పట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని ఉంటుంది. కార్డుల అర్థాలు చెప్పే పుస్తకం తెరవకముందే, ఆ బొమ్మలో మీ కన్ను మొదట దేనిమీద పడిందో రాయండి. "వెళ్తానా?" అని కాక "నేను దేన్ని చూడకుండా దాటవేస్తున్నాను?" అని అడగండి. ఒక ప్రశ్నకు ఒకే కార్డు. రాసింది పది రోజుల తర్వాత చదువుకోండి.

కాజీపేట సైకాలజీ విద్యార్థి:
ఒక హెచ్చరిక. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు, ఎవరికి వారిదేనని చెప్పి, ఒకే వ్యక్తిత్వ వర్ణన ఇచ్చారు. తమకు సరిగ్గా సరిపోయిందంటూ వారు వేసిన మార్కుల సగటు 5కు దాదాపు 4.3. పుస్తకంలోని అర్థాలు కూడా అలాగే ఎవరికైనా అతుకుతాయి. అనుమానం ఉంటే, మీరు తీయకుండా వదిలిన కార్డు అర్థం కూడా చదివి చూడండి; అదీ అంతే బాగా అతికితే, చెబుతున్నది కార్డు కాదు, మీరే. నిద్ర కూడా పట్టని స్థితి ఉంటే కార్డులు పక్కనపెట్టి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కరీంనగర్ మిత్రుడు:
నేను టారో లాంటివే అయిన ఒరాకిల్ కార్డులు వాడి మానేశాను. వాటికి ఇన్నే ఉండాలన్న లెక్క లేదు, తయారుచేసినవారి ఇష్టం. నా పేకలో ప్రతిదానిమీద "నమ్మకం ఉంచు" వంటి తీయటి మాట అచ్చువేసి ఉండేది, అది చదివాక ఆలోచించడానికి ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు పాత పెళ్లిపత్రికలు కత్తిరించి, వెనుకవైపు ప్రశ్నలు రాసుకున్నాను. ఖర్చు లేదు, ఇంట్లో నవ్వేవారూ లేరు.

హనుమకొండ అధ్యాపకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు తెల్లవారుజామున కొత్త కార్డు తీయకుండా, అదే రెండు కత్తుల బొమ్మ ముందు పెట్టుకుని రాశాను. నా కన్ను ఆ గంతల మీదే పడింది. వాటిని ఎవరో కట్టినట్టు లేదు, తానే కట్టుకున్నట్టుంది. రెండు పేజీలు నిండాక గమనించాను, నాన్న గురించి అన్నీ రాశాను కాని నాన్న ఏమన్నారో ఒక్క వాక్యమూ లేదు, ఎందుకంటే ఈ రెండు నెలల్లో నేను ఆయనను అడగనే లేదు. ఆయన ఇంకా నిద్ర లేవలేదు. టీ పెట్టి కూర్చున్నాను.