ఇంటర్వ్యూలో అమ్మను అడిగితే కొడుకు జవాబు చెబుతున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న:
నేను విశాఖపట్నంలో ఒక పునరావాస కేంద్రంలో ఏడాదిగా ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా రోగులకు సాయపడే ఉద్యోగంలో, పనిచేస్తున్నాను. కొత్తగా వచ్చినవారిని కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్, అంటే సీఓపీఎం ఇంటర్వ్యూతో అంచనా వేస్తాను. పక్షవాతంతో కుడిచెయ్యి బలహీనపడిన ఒకావిడ గతవారం వచ్చారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు అమ్ముతారు. సొంత పనులు, సంపాదన, తీరిక వేళల గురించి ఏది అడిగినా "బాగానే ఉంది బాబూ" అన్నారు, అన్నిటికీ పదికి పది వేశారు. పక్కనే ఉన్న కొడుకు మాత్రం "అమ్మ ఇక పనికి వెళ్లనక్కర్లేదు, స్నానం తనంతట తాను చేస్తే చాలు" అని రాయించాడు. ప్రశ్నల వరుస తప్పితే అంచనా చెల్లదేమోనని నేను ఫారం దాటి ఒక్క మాటా అడగలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు 1:
వరుస గురించిన భయం అనవసరం. సొంత పనులు ఎంతవరకు చేసుకోగలరో కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లోనైతే పది అంశాలూ ముందే ఖరారై ఉంటాయి, వాటిని మార్చే వీలు మనకు లేదు. 1991లో వెలువడిన సీఓపీఎం అలాంటిది కాదు; అది ప్రశ్నలు కొంతవరకే ముందుగా ఖరారైన ఇంటర్వ్యూ, సమస్యలను ఎంచుకోవలసింది క్లయింటే. ముఖ్యమైనవి అయిదు వరకు ఎంచుకున్నాక, ఒక్కోదాన్ని ఎంత బాగా చేయగలుగుతున్నారో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో ఒకటి నుంచి పది వరకు వారే అంకె చెప్పాలి.

"ఇబ్బందులేమిటి?" అని అడిగితే మన పెద్దవాళ్లు పరాయివారి ముందు లేవనే అంటారు. నిన్న పొద్దున లేచింది మొదలు ఏం చేశారో చెప్పమనండి. చీర కుచ్చిళ్లు ఎవరు పెట్టారు, కత్తిపీట ముందు ఎవరు కూర్చున్నారు అన్న దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. కొడుకు మాట కూడా విలువైనదే, కాకపోతే దాన్ని వేరే కాగితం మీద రాయండి. (ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఉద్యోగం ఇప్పించడమా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు, ఆ అబ్బాయీ అలాగే అనుకుని ఉండవచ్చు.)

జవాబు 2:
అంకెలు పలకనివారి ముందు నేను రూపాయి బిళ్లలు పది పరుస్తాను. ఆ పని ఎంత బాగా సాగుతోందో అన్ని బిళ్లలు పక్కకు జరపమంటాను. మంచి చేత్తోనే జరపమనండి, లేకపోతే అది చేతి పరీక్ష అయి కూర్చుంటుంది.

జవాబు 3:
బిళ్లల పద్ధతికి అభ్యంతరం లేదు కానీ, మొదటిసారి వాడితే మళ్లీ అంచనా వేసేటప్పుడూ దాన్నే వాడాలి, ఆ సంగతి ఫైల్లో రాయాలి. సగటు స్కోరులో రెండు పాయింట్లు, అంతకుమించి వచ్చిన తేడానే సాధారణంగా చెప్పుకోదగ్గ మార్పుగా తీసుకుంటాం కాబట్టి, కొలిచే తీరు మారితే ఆ రెండు పాయింట్లు చికిత్స వల్ల వచ్చాయో, బిళ్లల వల్ల వచ్చాయో తేల్చలేం. మాట పడిపోయినవారి విషయంలో ఇంటివారిచేత చెప్పించవచ్చు. ఈమె మాట్లాడగలరు కదా, కొడుకును కాసేపు బయట కూర్చోమనండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు కొడుకును టీ తాగి రమ్మని పంపి, నిన్నటి రోజు గురించి అడిగాను. స్నానం ప్రస్తావనే రాలేదు. బేరం కుదిరాక నోట్లు లెక్కపెడుతుంటే కుడిచేతి వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయనీ, పక్క గంపావిడ చేత లెక్కపెట్టించుకోవలసి వస్తోందనీ చెప్పి, తృప్తి కింద ఒక్కటే బిళ్ల జరిపారు.