వరద, గండి, నిరీక్షణ: మూడో వారం పాఠం ఎలా నడపాలి?

విజయవాడలో డిగ్రీ, బీటెక్ చదివే యువతకు బాధ, నిరీక్షణ (దేవుని మీద ఆశ) గురించి నాలుగు వారాల బైబిలు అధ్యయనం సిద్ధమవుతోంది. వారానికి గంటన్నర. మూడో వారానికే సలహా కావాలి.

మొదటి వారం యోబు 1–3, ఆపై 42:7. సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గర స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నంతవరకూ బాగానే ఉన్నారు, వివరణలు మొదలెట్టాకే చెడింది. రెండో వారం 88వ కీర్తన. అది చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు అతికించవద్దు.

మూడో వారం లూకా 13:1–5. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు ఎక్కువ పాపులు కారని యేసు అంటాడు, కారణం మాత్రం చెప్పడు. దీన్ని, బుడమేరు వాగు కట్టకు గండి పడి విజయవాడను ముంచిన 2024 సెప్టెంబరు వరదతో కలిపి చదవాలని ఆలోచన. చిక్కేమిటంటే, మనిషి స్వేచ్ఛ వల్లే చెడు వచ్చిందనే వాదన హింసకు సరిపోతుంది గానీ వానకు నప్పదు. పైగా బీటెక్ పిల్లలు వెంటనే అడుగుతారు: కట్ట గట్టిగా ఉండి, హెచ్చరిక ముందే ఫోనుకొస్తే ఇక్కడ దేవుడి ప్రశ్నెందుకని. సగం నిజమే, గండి పూడ్చడం ప్రార్థనకు పోటీ కాదు. మరి ఏ సెన్సరూ తీర్చలేని ఆ మిగతా సగాన్ని, సైన్సును చిన్నబుచ్చకుండా ఎలా చూపాలి?

ఇప్పటి బాధలకంటే రాబోయే మహిమ గొప్పదని చెప్పే రోమా 8:18–25 నాలుగో వారానికి ఉంది. ముందే తెస్తే బాధను దాటేసినట్టవుతుందని అనుమానం. వరదలో ఇల్లు మునిగినవాళ్లు గుంపులో ఉంటే మూడో వారం ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి? ఏ ప్రశ్న అసలు అడగకూడదు? ఇలాంటి పాఠాలు నడిపినవారు చెప్పండి.