‘ఆలస్యానికి కారణం’: రీజన్ తర్వాత ఫర్, కాజ్ తర్వాత ఆఫ్ ఎందుకు?

గుంటూరు బ్రాడీపేటలో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న ఒక చెల్లెమ్మ నిన్న గ్రూపులో అడిగింది: “‘రీజన్ ఆఫ్ ద డిలే’ అని రాస్తే తప్పన్నారు. ‘కాజ్ ఆఫ్ ద డిలే’ రైటట. రెండూ కారణమే కదా?”

మంచి ప్రశ్న అమ్మా. అర్థం ఒకటే అయినా, వెనకాల ఏ ప్రిపోజిషన్ (ఫర్, ఆఫ్, టు లాంటి చిన్న మాట) రావాలో ఆ నామవాచకమే తేలుస్తుంది. రీజన్‌కి ఫర్, కాజ్‌కి ఆఫ్, ఆన్సర్‌కి టు, సొల్యూషన్‌కీ టు.

మనకు తికమక ఎందుకంటే, తెలుగులో వీటన్నిటికీ ఒక్క ‘కి, కు’ సరిపోతుంది. ఆలస్యానికి కారణం, ప్రశ్నకు జవాబు, మిర్చికి డిమాండ్. బళ్లో వల్లె వేసిన విభక్తులు గుర్తు తెచ్చుకో: ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి’. ఇంగ్లీషులో టు, ఆఫ్, ఇన్ అని విడివిడిగా ఉన్నవి మనకు ఒకే వరసలో కూర్చున్నాయి. అందుకే ముందు తెలుగులో అనుకుని, ఆ ‘కి’ని ఇంగ్లీషులోకి మార్చబోతే దెబ్బతింటాం. ‘రీజన్ ఫర్’ అని రెండూ కలిపి ఒకే మాటలా నోటికి పట్టించుకోవడమే మేలు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. అదే మాట క్రియగా వస్తే చాలాసార్లు ప్రిపోజిషన్ అక్కర్లేదు, నామవాచకంగా వస్తే కావాలి. మన మిర్చి యార్డులో రైతులు మంచి ధర అడిగారనుకో. ‘ఫార్మర్స్ డిమాండెడ్ ఎ బెటర్ ప్రైస్’. ఇక్కడ ఫర్ పెట్టకూడదు. అదే ‘దెయిర్ డిమాండ్ ఫర్ ఎ బెటర్ ప్రైస్’ అన్నప్పుడు ఫర్ ఉండి తీరాలి. ‘డిమాండెడ్ ఫర్’, ‘డిస్కస్‌డ్ అబౌట్’ మనవైపు ఎంత అలవాటైపోయాయంటే, తప్పని చెప్పినా చెవికి తప్పుగా తోచదు. డిస్కస్‌కి ఏమీ వద్దు, డిస్కషన్‌కే అబౌట్ గానీ ఆన్ గానీ.

ఆ ప్రశ్న కిందే గ్రూపులో విజయవాడ నుంచి ఒక మాస్టారు అడిగారు: “మరి ఇంక్రీజ్ తర్వాత ఇన్ వస్తుందా, ఆఫ్ వస్తుందా?”

రెండూ వస్తాయండీ. ఇక్కడ మాత్రం అర్థాన్ని బట్టే. ఏది పెరిగిందో చెప్పాలంటే ఇన్, ఎంత పెరిగిందో చెప్పాలంటే ఆఫ్. తేజ మిర్చి క్వింటాలుకు 500 రూపాయలు పెరిగిందనుకోండి, ‘యాన్ ఇంక్రీజ్ ఆఫ్ 500 రూపీస్ ఇన్ ద ప్రైస్’ అని రెండూ ఒకే వాక్యంలో పెట్టొచ్చు. రైజ్, ఫాల్, డిక్రీజ్ కూడా ఇదే దారి.