అద్దంకి శాసనం: ‘బెజవాడ గావించె’లో ఆ ‘గా’ ఎక్కడిది?

గుండ్లకమ్మ: పొద్దుటినుంచీ ఒక పాదం వదలడం లేదు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాపతి పండరంగని అద్దంకి పద్య శాసనం ఉంది కదా, ఆ తరువోజ (ఒక దేశి ఛందస్సు) చివర, ‘కందుకూర్బెజవాడ గావించె మెచ్చి’. మూడో పాదంలో ‘త్రిభువనాంకుశ’ ముందున్న క్రియ మాత్రం ఎంతకీ నోటికి రావడం లేదు. ఎవరికైనా ధారణలో ఉందా? అలాగే, కందుకూరిని బెజవాడంత చేశాడనేనా మీరూ చదువుకున్నది?

శకటరేఫ: అంతే కదండీ. 848లో గుణగ విజయాదిత్యుడికి పట్టం కట్టిన తొలి ఏడే ఈ దండయాత్ర. కొట్టాలు (స్థావరాలు) పన్నెండూ పట్టి, కట్టెపు దుర్గం బయలు (నేలమట్టం) చేశాక ఆ సీమను ఏలడానికి అక్కడే ఒక గట్టి పట్నం కావాలి. అదే కందుకూరు.

పాతపలక: ‘అంత’ అన్న మాట పద్యంలో ఏదీ? నాకు అందులో కావు ధాతువే కనిపిస్తుంది. ‘కావవే తల్లీ’లో ఉన్నదే. దాని మీద ప్రేరణ, కావించె. కందుకూరికీ బెజవాడకూ కావలి పెట్టించాడు. కొత్తగా గెలిచిన నేల మీద సేనాపతి మొదట చేసే పని అదే కదా. పైగా ‘గా’ ఉంది చూడండి. బెజవాడన్ + కావించె, ద్వితీయ. ద్రుతం (చివరి ‘న్’) మీద సరళం, అంటే ‘క’ కాస్తా ‘గ’ అయింది.

శకటరేఫ: ప్రథమా విభక్తి మీది పరుషాలకూ (కచటతపలకూ) గసడదవలు వస్తాయి మాస్టారూ. కాబట్టి ఆ ‘గా’ మీ పక్షాన సాక్ష్యం చెప్పదు.

రేనాటిసీమ: 848 నాటి రాతికి 1858 నాటి బాలవ్యాకరణం పెట్టి కొలిస్తే ఎట్లా సామీ? మా కడప సీమ కలమళ్ళ శాసనానికి రండి, 575 నాటిది. రేనాటి చోళ రాజు ధనంజయుడు ‘రేనాణ్డు ఏళన్’, అంటే రేనాడు ఏలుతుండగా. ఆ ళకారానికి ఏ సూత్రం చూపిస్తారు? ఏలిక, ఏలుబడి అన్నీ ఆ ధాతువు పిల్లలే. రాజ్యం సంగతి తెలుగు వాక్యంలో రాతికెక్కింది మా దగ్గరే.

ఎఱ్ఱనప్రియ: అద్దంకి పేరు వినగానే నా మనసు ప్రోలయ వేమారెడ్డి కొలువుకు, అక్కడి కవి ఎఱ్ఱన దగ్గరకు పోతుంది. కొండవీటికి ముందు రెడ్ల రాజధాని అదే కదా. నన్నయ భారతం అరణ్యపర్వంలో ‘శారదరాత్రు’ల దగ్గర ఆగితే ఎఱ్ఱన ‘స్ఫురదరుణాంశు’ అంటూ శరత్తు ఉదయాలతో అందుకున్నాడు. పైగా ఆ అరణ్యపర్వ శేషాన్ని రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు! ఆ పెద్దరికం తలుచుకున్నప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది.

గుండ్లకమ్మ: నిజమేనండీ. కానీ నా మూడో పాదం?

పాతపలక: మూడో పాదం కన్నా రెండోదాని చివర చూడండి. ‘సామంత పదువతో బోయ’. అందరూ బోయ కొట్టములని కలిపి చదువుతారు. పదువతోన్ + పోయ అయితే? సామంతుల గుంపుతో వెళ్ళి కొట్టాలు తీసుకున్నాడు. అప్పుడు బోయల ప్రసక్తే లేదు. ద్రుతం మీది సరళాదేశమే ఇక్కడా నాకు పనికొస్తోంది.

శకటరేఫ: వెళ్ళి అనాలంటే ‘పోయి’ ఉండాలి. రాతి మీద ఉన్నది ‘య’. ఇకారం మీరు చెక్కుతారా? బోయల కొట్టాలు కాబట్టే పన్నెండని లెక్క చెప్పాడు శాసనకర్త. ఊరూపేరూ లేని కొట్టాలకు లెక్క ఎందుకు?

పాతపలక: ‘ఏళన్’ను సూత్రం లేకుండా ఒప్పుకున్నవాళ్ళు ‘పోయ’ను ఒప్పుకోరా? ‘ఏణ్డు’ మనకు ఏడైనట్టు ‘పోయ’ పోయి కాకూడదా?

రేనాటిసీమ: ఒప్పుకుంటాం, ఇంకొక రాతి మీద చూపించు. ఆ కాలందే కావాల.