ఎస్టీమ్ ట్రాక్ కారు: డైనో మీద 5,200 ఆర్పీఎమ్ దాటితే లీన్ అయిపోతోంది, ఎవరైనా చెప్పండన్నా

ఎస్టీమ్_హైదరాబాద్:
అన్నా, తల బద్దలవుతోంది. పొద్దున కోయంబత్తూరులో డైనో (పవర్ కొలిచే రోలర్ మెషిన్) ఎక్కించిన బండి సాయంత్రమైనా దిగలేదు. గంటల లెక్కన డబ్బు పోతూనే ఉంది. 2004 ఎస్టీమ్, 1.3 ఇంజిన్, ట్రాక్ కోసమే కట్టుకున్నాం. కొత్త ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), కొత్త సెన్సార్లు, వైరింగ్ మొత్తం మేమే లాగాం. ఐడిల్ బంగారంలా ఉంది. 4,500 దాకా బాగా లాగుతోంది. 5,200 దగ్గరికి వచ్చేసరికి టపటపా కొట్టుకుని పవర్ పడిపోతోంది. ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోలు నిష్పత్తి) 12.6 నుంచి ఒక్కసారిగా 16, 17కి ఎగురుతోంది. లీన్ అయింది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదని పెట్రోలు పెంచితే ఇంకా ఘోరంగా తయారైంది. ఫ్యూయల్ పంపు, ఫిల్టరు రెండూ మార్చేశాం. ఆదివారం ఇక్కడి కరి రేస్ ట్రాక్‌లో దించాలి. ఇంకేం మార్చాలో చెప్పండి.

మూడు_బార్:
మార్చడం ఆపి కొలవండి ముందు. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే ఫ్యూయల్ రైల్ మీద ప్రెషర్ గేజ్ పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో పుల్ చేయండి. 3 బార్ రెగ్యులేటర్ అయితే చివరిదాకా 3 దగ్గరే నిలబడాలి. పంపు దగ్గర వోల్టేజి కూడా లోడ్ మీదే చూడాలి, బ్యాటరీ దగ్గర కాదు. సన్నటి వైరు, పాత రిలే ఉంటే పంపు దాకా 11 వోల్టులు కూడా రావు.

ఎస్టీమ్_హైదరాబాద్:
గేజ్ పెట్టాం అన్నా. 3 బార్ కదల్లేదు. పంపు దగ్గర 13.4.

చెట్టిపాళయం_సీను:
ఏ ఈసీయూ? క్రాంక్ తిరుగుడు చూసే సెన్సార్ ఏ రకం, హాలా, వీఆరా? లాగ్ పెట్టు.

లాంబ్డా_మాస్టారు:
అసలు ఏఎఫ్ఆర్‌లో మాట్లాడటం మానండి బాబూ. 14.7 అనేది అచ్చమైన పెట్రోలుకు లెక్క. ఇప్పుడు బంకులో పోయించుకునేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. దాన్ని పూర్తిగా కాల్చడానికి కావాల్సిన గాలి నిష్పత్తి 13.5 దరిదాపుల్లో ఉంటుంది. ఈసీయూలో పాత మ్యాపు (ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టిక) అలాగే ఉంచేస్తే ఎనిమిది తొమ్మిది శాతం పెట్రోలు తక్కువ పడుతుంది. సెన్సార్ కొలిచేది లాంబ్డా, అంటే ఉన్న గాలి పూర్తిగా కాలడానికి కావాల్సిన గాలికి ఎన్ని రెట్లో. గేజు దాన్ని 14.7తో గుణించి మీకు చూపిస్తుంది. మీ 12.6 అంటే లాంబ్డా 0.86. టర్బో లేని ఇంజిన్‌కి ఫుల్ థ్రాటిల్‌లో అది సరిపోయే అంకె. లాంబ్డాలో చూస్తే ఏ పెట్రోలు పోసినా 1 అంటే 1.

మూడు_బార్:
మాస్టారూ, గేజు ఎలాగూ 14.7 లెక్కే వేస్తుంది కాబట్టి ఈ20 పోసినా 12.6 అంటే అదే 0.86. డైనో వాళ్ళంతా ఏఎఫ్ఆర్‌లోనే చెప్పుకుంటారు, పని నడుస్తోంది. కుర్రాడి బండి ఆగింది అందుకు కాదు.

లాంబ్డా_మాస్టారు:
గేజులో 14.7, సాఫ్ట్‌వేర్‌లో 13.5 పెట్టుకున్న బండ్లు నేను చూశాను. రెండూ రెండు మాటలు చెబుతుంటే పని ఎలా నడుస్తుంది? ముందు కొలమానం ఒకటి చేసుకోవాలి.

వైరింగ్_బాబాయ్:
తమ్ముడూ, సీను అడిగినవాటికి జవాబు చెప్పు. ఈలోగా ఒక మాట విను. నీ ఇంజిన్ లీన్ అవ్వట్లేదు, మిస్‌ఫైర్ అవుతోంది. సిలిండర్లో స్పార్క్ పడకపోతే పెట్రోలూ గాలీ కాలకుండా అలాగే ఎగ్జాస్ట్‌లోకి వచ్చేస్తాయి. వైడ్‌బ్యాండ్ సెన్సార్ కళ్ళకి ఆ మిగిలిపోయిన ఆక్సిజనే పడుతుంది, అందుకే 17 అంటుంది. నువ్వు దాన్ని నమ్మి పెట్రోలు పెంచుకుంటూ పోతున్నావు. ప్లగ్గులు తడిసిపోతాయి, సిలిండర్ గోడల మీద ఆయిలు కడుక్కుపోతుంది. పెంచినదంతా ముందు వెనక్కి తీసెయ్.

ఎస్టీమ్_హైదరాబాద్:
ఈసీయూ స్పీడువినో అన్నా. క్రాంక్ పుల్లీ మీద 36-1 వీల్ (36 పళ్ళలో ఒకటి తీసేసిన చక్రం), రెండు వైర్ల వీఆర్ సెన్సార్, ఈసీయూ ముందు దాని సిగ్నల్‌ని సరిచేసి ఇచ్చే వీఆర్ కండిషనర్ ఉంది. ప్లగ్గులు రేసింగ్‌వే, కొత్తవి. లాగ్‌లో సింక్ లాస్ అని ఒక అంకె 5,000 దాటాక పెరుగుతోంది. అది మామూలే కదా? ఇంకోటి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా కూలెంట్ టెంపరేచర్ ఒక్కసారిగా ఆరేడు డిగ్రీలు పడిపోయి మళ్ళీ లేస్తోంది. దీనికీ దానికీ సంబంధం లేదనుకుని రాయలేదు.

చెట్టిపాళయం_సీను:
మామూలు కాదు. ఈసీయూకి క్రాంక్ ఎక్కడుందో లెక్క తప్పుతోందన్నమాట. అదే జబ్బు. ప్లగ్ నంబర్లో ఆర్ ఉందా?

ఎస్టీమ్_హైదరాబాద్:
లేదు.

చెట్టిపాళయం_సీను:
తీసెయ్. రెసిస్టర్ ఉన్నవి పెట్టు.

వైరింగ్_బాబాయ్:
సీను చెప్పింది నిజమే. రెసిస్టర్ లేని ప్లగ్గు స్పార్క్ పడినప్పుడల్లా చుట్టూ నాయిస్ చిమ్ముతుంది, పక్కనే పోతున్న క్రాంక్ వైరు దాన్ని పట్టుకుంటుంది. క్రాంక్ సెన్సార్ వైరు షీల్డ్ ఉన్నదే వాడాలి. షీల్డ్‌ని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేసి, రెండో చివర గాలికి వదిలెయ్యాలి. కాయిల్ వైర్లతో కలిపి టేపు చుట్టకూడదు.

కానీ నాకు అసలు అనుమానం పోలారిటీ మీద. వీఆర్ సెన్సార్లో పన్ను ఎదురుగా వస్తున్నప్పుడు వోల్టేజి ఒకవైపు లేస్తుంది, దాటిపోతున్నప్పుడు రెండోవైపు పడుతుంది. సరిగ్గా పన్ను నడిమధ్యలో నిట్టనిలువుగా సున్నాని కోస్తుంది. కండిషనర్ పట్టుకోవాల్సింది ఆ కోతని. రెండు వైర్లు తారుమారైతే అది పన్నుని వదిలేసి రెండు పళ్ళ మధ్య ఖాళీని పట్టుకుంటుంది. అక్కడ కోత ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కోసిందో నిలకడ ఉండదు. లేని పన్ను దగ్గరైతే మరీనూ. ఐడిల్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది, స్పీడు పెరిగేకొద్దీ లెక్క తప్పి సింక్ పోతుంది. సింక్ పోయిన క్షణం స్పార్కూ ఉండదు, ఇంజెక్షనూ ఉండదు.

తేల్చుకోవడం సులువే. సాఫ్ట్‌వేర్లో స్పార్క్ టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర ఫిక్స్ చేసి, టైమింగ్ లైటు పుల్లీ మీద కొట్టు. ఐడిల్‌లో ఒకసారి, 4,000 దగ్గర ఒకసారి. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే పట్టించుకోకు. పుల్లీ మీది మార్కు ఒకచోట నిలవకుండా నడుచుకుంటూ పోతుంటే కనెక్టర్లో ఆ రెండు పిన్నులూ తీసి అటుదిటు మార్చు. సెన్సార్‌కీ పన్నుకీ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి 0.8 నుంచి 1 మిల్లీమీటర్ దాకా ఉందో లేదో చూసుకో.

ఫ్యాన్ సంగతి వేరే. సెన్సార్ ఎర్త్‌లు ఎక్కడ బిగించావు?

ఎస్టీమ్_హైదరాబాద్:
స్ట్రట్ టవర్ పక్కన బాడీ బోల్టుకి అన్నా. ఫ్యాన్ ఎర్త్ కూడా దానికే.

వైరింగ్_బాబాయ్:
అందుకే. ఫ్యాన్ లాగే పది పన్నెండు ఆంపియర్లు ఆ బోల్టు మీదుగా పోతుంటే అక్కడ కొంచెం వోల్టేజి లేస్తుంది. సెన్సార్ వోల్టేజికి అది తోడై ఈసీయూకి వేరే టెంపరేచర్‌లా కనిపిస్తుంది. కూలెంట్, ఎయిర్ టెంపరేచర్, థ్రాటిల్ సెన్సార్, వీటి ఎర్త్‌లన్నీ ఈసీయూ సెన్సార్ గ్రౌండ్ పిన్నుకే వెనక్కి రావాలి, బాడీని తాకకూడదు. ఈసీయూ పవర్ ఎర్త్ ఇంజిన్ బ్లాక్‌కి పోవాలి. మల్టీమీటర్ నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్రది ఆ బోల్టు మీద పెట్టి ఫ్యాన్ వేసి చూడు. 0.05 వోల్టు దాటితే అక్కడ సెన్సార్ పెట్టే పని లేదు.

లాంబ్డా_మాస్టారు:
వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ ఎర్త్ కూడా ఆ బోల్టుకే ఉంటే మీరు రోజంతా చూసిన ఏఎఫ్ఆర్ అంకెలు కూడా తప్పే. ఇది లాంబ్డాలో చూసినా తప్పే, అది ఒప్పుకుంటాను.

మూడు_బార్:
ఇంతకీ పవర్ ఎంత వచ్చింది?

ఎస్టీమ్_హైదరాబాద్:
మార్కు నడుస్తోంది అన్నా, బాబాయ్ చెప్పినట్టే. వైర్లు మార్చాం, ప్లగ్గులు మార్చాం. సింక్ లాస్ సున్నా. 6,700 దాకా శుభ్రంగా లాగింది, మార్కు కదలట్లేదు. చక్రాల దగ్గర 71 బీహెచ్‌పీ. ఎర్త్‌లు హైదరాబాద్ వెళ్ళాక చేస్తాం. డైనో మూసేస్తున్నారు, ట్రైలర్ ఎక్కిస్తున్నాం. థ్యాంక్సన్నా అందరికీ.

మూడు_బార్:
చక్రాల దగ్గరదాన్ని బీహెచ్‌పీ అనకూడదు తమ్ముడూ. బీహెచ్‌పీ ఫ్లైవీల్ దగ్గర. ఈ ఇంజిన్‌కి కంపెనీ చెప్పిన 85 అదే. రోలర్ మీద వచ్చిందాన్ని వీల్ హార్స్‌పవర్ అనాలి.

వైరింగ్_బాబాయ్:
ఆగండి ఆగండి. తమ్ముడూ, మార్కు కదలకపోవడం వేరు, 10 దగ్గరే నిలవడం వేరు. 36 పళ్ళ వీల్లో ఒక్కో పన్నుకి 10 డిగ్రీలు. వైర్లు తిప్పితే సుమారు అర పన్ను జరుగుతుంది, అంటే 5 డిగ్రీల దాకా తేడా. లేని పన్ను ఏ డిగ్రీల దగ్గరుందో ఈసీయూకి చెప్పే ట్రిగ్గర్ యాంగిల్ మళ్ళీ సెట్ చేశావా? చేయకుండా కరి మెయిన్ స్ట్రెయిట్‌లో ఫుల్ థ్రాటిల్ కొడితే టైమింగ్ ముందుకు జరిగి ఉంటే నాక్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్లు పోవచ్చు. ట్రాక్‌లో దించేముందు టైమింగ్ లైటు ఒక్కసారి కొట్టు.

చెట్టిపాళయం_సీను:
లైటు లేకపోతే చెప్పు. ఆదివారం నేను అక్కడే ఉంటా.

వైరింగ్_బాబాయ్:
చూశావా తమ్ముడూ?