అప్‌డేట్: డీజిల్ క్రిస్టా వదిలి హైక్రాస్ హైబ్రిడ్‌కి మారొచ్చా?

డీజిల్ ఇన్నోవా క్రిస్టా నడిపేవాడిని, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండే బండి) టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి హైక్రాస్ బుక్ చేసేశాను.

బాగా పనికొచ్చిన సలహా: "ఖాళీ బండి వద్దు, ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి ఎత్తు ఎక్కించు". షోరూమ్ వాళ్లను ఒప్పించి అనంతగిరి ఘాట్ వైపు తీసుకెళ్లాను. ట్రాఫిక్‌లో మోటారు లాగుడు డీజిల్‌ కన్నా చురుగ్గా, చప్పుడు లేకుండా ఉంది. ఘాట్‌లో గట్టిగా తొక్కితే మాత్రం 2.0 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఒకే శ్రుతిలో అరుస్తుంది. గేర్లు మారే క్రిస్టాకి అలవాటుపడ్డ చెవికి అది వింతే, కానీ బండి వెనకాడలేదు. ఘాట్ దిగేటప్పుడు గేర్ లివర్‌ని 'బి' మోడ్‌లో వేయండి, బండి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, బ్రేకులకు శ్రమ తగ్గుతుంది. ఈ సంగతి సేల్స్ అబ్బాయి చెప్పనే లేదు!

ఛార్జింగ్ టెన్షన్ అనవసరం. బండి నడుస్తుండగానే బ్యాటరీ ఛార్జ్ అవుతుంది, ప్లగ్ పెట్టే పనే లేదు. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. బురద దారుల్లో తిరిగేవాళ్లకు మాత్రం వెనక చక్రాలతో నడిచే క్రిస్టానే నయం అనిపించింది, హైక్రాస్‌ది ముందు చక్రాల డ్రైవ్.