వైడూర్యపు గిన్నెలో ఉడికింది నువ్వులా, తెలకపిండా?

అరసున్న:
ఒక పాదం బుర్రలో తిరుగుతోంది, తెలుగులో పట్టు చిక్కడం లేదు. వైడూర్యపు గిన్నె, కింద గంధపు చెక్కల మంట, గిన్నెలో తెలకపిండి, అంటే నువ్వుల నూనె తీశాక మిగిలే చెక్క. భర్తృహరి నీతిశతకంలోదే. సంస్కృతం నాకు గుర్తున్నది ఇలా: "స్థాల్యాం వైడూర్యమయ్యాం పచతి తిలఖలీం చాందనైరింధనౌఘైః". ఇంట్లో ఉన్న పుస్తకం తీస్తే "తిలకణాంశ్చందనైరింధనౌఘైః" అని ఉంది. అంటే నువ్వు గింజలు. మరి నా తెలకపిండి ఏమైనట్టు?

ఇదెందుకు గుర్తొచ్చిందంటే, ఎరువుల మీద ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. పేజీ తిప్పితే చాలు కేక్. ఆయిల్ కేక్, నీమ్ కేక్, ప్రెస్ కేక్, కౌడంగ్ కేక్. చెక్క, పిండి, మడ్డి, పిడక అని ఒక్కోచోట ఒక్కటి రాసుకుంటూ వచ్చి తెలకపిండి దగ్గర ఆగిపోయాను. ఈ పాదానికి తెలుగు పద్యం ఎవరికైనా నోటికి వచ్చా?

ఉబుసుపోక:
పుట్టినరోజుదైతే కేకు. సబ్బుదైతే బిళ్ల, బెల్లానిదైతే అచ్చు, పేడదైతే పిడక. ఇంగ్లీషువాడికి ఆకారం చెబితే చాలు, మనకు సరుకేమిటో కూడా చెప్పాలి. నాలుగింటికీ ఒకే తెలుగు మాట వెతక్కండి, దొరికినా ఎవరూ వాడరు.

శబ్దమంజరి:
రెండు పాఠాలూ ఉన్నాయండీ. ఛందస్సు తీర్పు చెబుతుందేమో అనుకుంటే అదీ చెప్పదు. ఈ శ్లోకం స్రగ్ధర వృత్తం, అందులో ఏడో అక్షరం తర్వాత ఆరు లఘువులు, ఒక గురువు రావాలి. "పచతి తిలఖలీం" సరిపోతుంది, "పచతి తిలకణాం(శ్)" కూడా సరిపోతుంది. తర్వాత గురువు కావాలి, మొదటి పాఠంలోని "చాందనైః" మొదటి అక్షరం గురువే. రెండోదానిలోని "చందనైః"లో దీర్ఘం లేకపోయినా సున్న వల్ల అదీ గురువే. ఎవరు దిద్దారో గాని గణాలు చూసుకునే దిద్దారు.

నా ఓటు ఖలికే, అంటే తెలకపిండికే. తెలియని మాట ఎదురైతే తెలిసిన మాట వేసి రాసుకుపోవడం రాతగాళ్ల అలవాటు. ఖలి కణమవుతుంది గాని, కణం ఖలి కావడం కష్టం.

ఇసుమున:
గానుగ ఆడే ఊళ్లో ఖలి తెలియని మాట ఎలా అవుతుంది? హిందీవాళ్లు ఇప్పటికీ ఖలీ అనే అంటున్నారు.

ఓటు ఖలికే, కారణం మాత్రం వేరు. పద్యం మొత్తం చూడండి. రెండో పాదంలో జిల్లేడు వేరు కోసం బంగారు నాగలితో దున్నుతాడు. మూడోదానిలో ఆరికల చేను చుట్టూ కర్పూరం ముక్కలతో కంచె వేస్తాడు ("వృతి" అంటే కంచె, "వృత్తి" అని చదివి జీవనోపాధి అని అర్థం చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి). కర్మభూమిలో పుట్టి తపస్సు చేయనివాడు అలాంటి దౌర్భాగ్యుడని నాలుగో పాదం. ప్రతిచోటా సాధనం మహా ఖరీదు, ఫలం చవక. జిల్లేడు, ఆరికలు అలాంటివే. వాటి పక్కన నువ్వులు ఎలా ఇముడుతాయి? నూనె తీసేసిన పిప్పి అయితేనే వరస కుదురుతుంది.

కోనసీమ కబుర్లు:
పిప్పి అంటారేంటండీ! మునగాకు వేసి తెలగపిండి కూర వండుకుని చూడండి, అప్పుడు చెప్పండి చవకో ఖరీదో. బాలింతలకు పాలు పడతాయని మా వైపు ప్రత్యేకంగా వండి పెడతారు. వడియాలు కూడా పెడతారు. గంధపు చెక్కల మీద వండినా నష్టం లేదు.

ఇంతకీ తెలకపిండి ఏమిటి? మా ఇంట్లో, వీధిలో, సంతలో అందరూ తెలగపిండే అంటారు.

ఇసుమున:
భర్తృహరి మీ ఇంట్లో భోంచేసి ఉంటే పద్యం రాసేవాడు కాదు.

శబ్దమంజరి:
కకారమే మూలం. తెలిక, తెలికవాడు అంటే నూనె గానుగ ఆడేవాడు. 11వ శతాబ్దపు టేకి తామ్రశాసనంలో తెలికి కులం వారికి ఇచ్చిన మర్యాదలు చూడవచ్చు. తెలికవాడి పిండి తెలికపిండి, తెలకపిండి. అచ్చుల మధ్య కకారం నోట్లో నలిగి గకారమైంది, "ఆకాశం" పల్లెల్లో "ఆగాశం" అయినట్టు. తెలగ అనే కులం పేరుతో దీన్ని ముడిపెట్టనక్కర్లేదు.

గసడదవ:
సరళాదేశం అనొచ్చు కదా మాస్టారూ?

శబ్దమంజరి:
అది రెండు పదాలు కలిసే చోట. ఇక్కడ క పదం మధ్యలో ఉంది. మీ పేరు చూసి ప్రతిచోటా మిమ్మల్ని పిలవలేం.

అరసున్న:
తెలక, తెలగల సంగతి సరే. తెలుగు పద్యం?

మడకశిర మనిషి:
తెలకని పట్టుకుని అందరూ "పిండి"ని వదిలేశారు. అసలు చిక్కు అక్కడుంది. ఇది బియ్యప్పిండి, శనగపిండిలోని పిండి కాదు. మా పక్క కన్నడంలో విసిరిన పిండి హిట్టు, గానుగలో మిగిలేది హిండి. రెండూ ఎప్పుడూ కలవవు. హిండు అంటే పిండడం. కన్నడ హకారం మన పకారమే కదా: హాలు పాలు, హులి పులి. కనుక తెలకపిండి అంటే పిండగా మిగిలింది. తెలుగులో రెండు మాటలూ ఒకే రూపంలోకి వచ్చి పడ్డాయి, అందుకే అది పొడి పిండి అని పొరబడుతున్నాం. పొడి కాదు, గట్టి చెక్క. దంచితే గాని పొడి కాదు.

ఆదిలాబాద్ అక్షరం:
ఇది బాగుంది గాని తొందరపడకండి. మరాఠీలో దాన్నే పేండ్ అంటారు. వాళ్లకు పిండడమనే క్రియ ఇలా లేదు. పేండ్ వచ్చింది పిండం నుంచి, అంటే ముద్ద. అరసున్న గారు వెతుకుతున్న కేక్ అదే కదా! మన పిండి కూడా పిండం నుంచే ఎందుకు రాకూడదు?

ఇంకో మాట. మా దిక్కు రైతులు ఎరువుల దుకాణంలో అడిగేది పిండి బస్తానే. విత్తేటప్పుడు వేసేది అడుగుపిండి. ఒకప్పుడు చేనుకు వేసింది గానుగ చెక్కే కాబట్టి, సీమ ఎరువు వచ్చాక కూడా ఆ పేరే దానికి అతుక్కుపోయిందని నా ఊహ. అనువాదంలో ఆయిల్ కేక్‌ని ఉత్త "పిండి" అని రాస్తే మావాళ్లు డీఏపీ అనుకుంటారు, జాగ్రత్త.

మడకశిర మనిషి:
పిండం నుంచి వస్తే కన్నడంలో హకారం ఎందుకొచ్చింది?

ఆదిలాబాద్ అక్షరం:
సంస్కృతం నుంచి పాతకాలంలో పోయిన మాటలకూ కన్నడంలో హకారం పట్టుకుంది. పక్షి హక్కి కాలేదా?

మడకశిర మనిషి:
అయింది. కాని హిండు క్రియ కళ్ల ముందే ఉండగా మరాఠీ దాకా పోవడమెందుకు?

శబ్దమంజరి:
మీ ఇద్దరి మధ్యలో పిణ్యాకం మరిచిపోకండి. అమరకోశంలో దానికి తిలకల్కం అనే అర్థం ఉంది. తమిళ పిణ్ణాక్కు అదే. పిండు, పిండం, పిణ్యాకం మూడూ ఇంత దగ్గర దగ్గరగా ఉంటే ఏది తల్లో, ఏది పిల్లో తేల్చే ధైర్యం నాకు లేదు.

ఉబుసుపోక:
కేక!

ఇసుమున:
పిండు అనగానే గుర్తొచ్చింది. భర్తృహరిని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి "తివిరి యిసుమున తైలంబు దీయవచ్చు" ఉంది కదా. సంస్కృతంలో "లభేత సికతాసు తైలమపి యత్నతః పీడయన్". అక్కడ పీడయన్ అంటే పిండుతూ. లక్ష్మణకవి ఆ పిండడాన్ని వదిలేసి "తీయవచ్చు" అన్నాడు. యత్నతః ఒక్కదానికే "తివిరి" వేశాడు. తివురు అంటే పూనుకోవడం, ప్రయత్నించడం. ఆ ఒక్క మాట కోసం నేను ఆ పద్యాన్ని ఎన్నిసార్లయినా చదువుతాను. నా పేరు కూడా అందులోదే.

గసడదవ:
"తిగిచి" అని ఎక్కడో చూశానండీ. లాగి తీయడం. నూనెకు అదే నప్పుతుందేమో?

ఇసుమున:
ఎక్కడ చూశారో చెబితే ఆ పుస్తకం అచ్చువేసినవారికి ఉత్తరం రాస్తాను. తివిరి, తవిలి, తిరిగి, చేరి: నాలుగు పాదాలకు నాలుగు క్త్వార్థకాలు మొదట్లో పెట్టుకుని పోయాడు. "తిరిగి" కూడా మళ్లీ అని కాదు, సంస్కృతంలోని పర్యటన్. కుందేటి కొమ్ము కోసం అడవులు పట్టి తిరగడం. తిగిచితే ఆ వరస అందం పోతుంది.

పాలమూరు పద్యం:
అందరూ లక్ష్మణకవినే పట్టుకుంటారు. ఆయనకంటే ముందే ఎలకూచి బాలసరస్వతి భర్తృహరిని తెలుగు చేశాడు. "సురభిమల్లా! నీతివాచస్పతీ!" అని మకుటం వినని తెలుగువాడు ఉంటాడా? పెద్ద వృత్తాలు, మూలంలోని మాట ఒక్కటీ జారనివ్వడు. ఖలీ, కణమా అన్నది ఆయన పద్యం చూసి తేల్చుకోండి. పిండడమూ వదలడు.

ఇసుమున:
మూలం జారదు నిజమే, నోటికి మాత్రం ఎక్కదు. మకుటం కాకుండా ఒక్క పద్యం చెప్పండి చూద్దాం, పుస్తకం చూడకుండా.

పాలమూరు పద్యం:
నోటికి ఎక్కడమే కొలత అయితే సినిమా పాటలే కావ్యాలు. పుష్పగిరి తిమ్మన కూడా ఉన్నాడు, ఆయన పేరు ఎవరూ ఎత్తరేం?

అరసున్న:
ముగ్గురు అనువాదకులున్నారని తెలుసండీ. ఆ ముగ్గురిలో ఎవరు తెలకపిండి అన్నారో తెలిస్తే చాలు.

ఆవకాయ అక్షింతలు:
అనువాదాల మాట వచ్చింది గనుక ఒకటి. తెలుగు బైబిల్లో అబీగయీలు దావీదుకు పంపిన సరుకుల్లో "అంజూరపు అడలు" ఉంటాయి. ఇంగ్లీషులో అవి కేక్సే. అడ అంటే తట్టి, అదిమి చేసిన బిళ్ల. తమిళ అడై, మలయాళం అడ అందరికీ తెలుసు, మన అడ మాత్రం ఆ పేజీలో మిగిలిపోయింది. ఆయిల్ కేక్‌కి "నూనె అడ" అని పెడితే ఎలా ఉంటుంది?

కోనసీమ కబుర్లు:
పశువులు కూడా తినవు.

ఆదిలాబాద్ అక్షరం:
చెక్క అనండి, సరిపోతుంది. వేరుశనగ చెక్క, వేపచెక్క, ఆముదపు చెక్క ఏ రైతుకైనా అర్థమవుతాయి. నువ్వులది ఒక్కటే తెలకపిండి. అన్నిటికీ తెలకపిండి అని రాస్తే తప్పు. కానుగ చెక్క, గానుగ చెక్క కలిసిపోకుండా కూడా చూసుకోండి. మొదటిది కానుగ గింజల నుంచి వచ్చేది, రెండోది గానుగలో ఆడిన ఏ చెక్కయినా. కొన్ని ఊళ్లలో ఆ చెట్టునే గానుగ చెట్టు అంటారు, మళ్లీ అక్కడ క, గ తగవు.

గసడదవ:
చూశారా, నేను అవసరమయ్యాను.

అరసున్న:
చెక్క ఖాయం చేశాను, ధన్యవాదాలు. తెలుగు పద్యం ఇంకా దొరకలేదని మనవి.

మడకశిర మనిషి:
దొరికాక అందులో పిండి అని ఉంటే అది పిండు నుంచే.

పాలమూరు పద్యం:
ఇసుమున గారూ, తవిలి అంటే ఏమిటి చెప్పండి ముందు. మృగతృష్ణలో నీళ్లు తాగడానికి తగులుకోవడమెందుకు? మూలంలో ఉన్నది పిపాసార్దితః, దాహంతో అలమటించేవాడు. ఆ దాహం మీ లక్ష్మణకవిలో ఎక్కడ?

ఇసుమున:
తవిలిలోనే ఉంది. తవులు అంటే ఆసక్తితో వెంటపడడం. దాహం లేనివాడు ఎండమావి వెంట పడతాడా? రేపు తీరిగ్గా రాస్తాను, కొత్త పోస్టుగా.